నరసమ్మ క్యాన్ మూత మీద నా చెయ్యి

బెంగుళూరులో నేను రోజూ తినే పెరుగు ప్యాకెట్ మీద ఒక విదేశీ కంపెనీ పేరుంటుంది. ఆ పాలు మదనపల్లె, పుంగనూరు వైపు నుంచే వస్తాయని స్నేహితుడంటే నమ్మలేదు. నమ్మకం కుదరకపోతే వెళ్లి చూసి రావడం నా అలవాటు. పల్లెలో పాలు పోసే చోటి నుంచి కుప్పం దగ్గరి ఫ్యాక్టరీ దాకా ఒక్కరోజులో చుట్టేయొచ్చని లెక్క వేసుకుని, ఫ్యాక్టరీ వాళ్ల అనుమతి ఫోన్లో ముందే తీసుకున్నాను. ప్రయాణాల్లో నా లెక్క తప్పదని ఇంట్లో అందరికీ చెప్పుకుంటుంటాను.

మదనపల్లెలో ఉదయం ఐదుంబావుకు బస్సెక్కాను. టికెట్టు యాభై లోపే. తల పగిలిపోతుంటే నుదుటికి బామ్ గట్టిగా రుద్దుకున్నాను. గంటలో పుంగనూరులో దిగి, టీ తాగి, పల్లెకు పోయే షేర్ ఆటో పట్టాను. మనిషికి ఇరవై. దారిలో నరసమ్మ అనే ఆవిడ స్టీలు క్యాన్‌తో ఎక్కి నా పక్కన ఇరుక్కుంది.

"ఈ మూత నిలవదప్పా, రోంత సెయ్యి పెట్టు," అంది. ఆటో ఎగిరినప్పుడల్లా మూత లేస్తుంటే అరచేత్తో అదిమి పట్టాను. పాల కేంద్రంలో పోయడం ఆమెకు కొత్త. పోయిన వారం పాలకు వేపాకు వాసన ఉందని తిప్పి పంపారట. కొత్తవాళ్ల పాలు రెండోసారి కూడా వెనక్కొస్తే నెల రోజులు పోయనివ్వరు. "ఆవును యాపసెట్టు దరిదాపులకు పోనీలేదు. ఈ పొద్దు ఏ వాసనా ఉండదు," అంది ధీమాగా.

కేంద్రంలో మూత తీసి వాసన చూసేది లక్ష్మీదేవమ్మ. అది ఊరి చిన్న పాల డెయిరీగా ఉన్నప్పటి నుంచీ ఆమెదే ఆ పని. తర్వాత దాన్ని బెంగుళూరు వాళ్లు కొన్నారు, వాళ్ల దగ్గర విదేశీ కంపెనీ కొన్నది. కంప్యూటర్ తూకం, వెన్న కొలిచే మెషిన్, పాలు చల్లబరిచే ట్యాంకు వచ్చాయి. "బోర్డులు రెండు తూర్లు మారినాయప్పా. మెషిన్ ఫ్యాటు సెప్తాది, వాసన యాడ సెప్తాది? ముక్కు నాదే ఉండాది," అంది.

నరసమ్మ క్యాన్ దగ్గర ఆ ముక్కు ముడుచుకుంది. "మందు వాసన వస్తాండాది. పొదుగుకేమన్నా పూసినావా?"

"లేదమ్మా. యాల పూస్తాను?"

లక్ష్మీదేవమ్మ క్యాన్‌ను పక్కన పెట్టింది. నరసమ్మ మొహం చిన్నబోయింది. ఆ వాసన ఎక్కడిదో అప్పుడు తెలిసింది నాకు. నోరు మెదపకుండా జారుకోవచ్చని ఒక్క క్షణం అనిపించింది కూడా, చెప్పడానికి సిగ్గుగా ఉంది. "అమ్మా, అది నా చేతి బామ్," అని అరచెయ్యి చాపాను.

ఆమె నా చేతిని వాసన చూసింది. మూతను అవతల పెట్టించి, అడుగు నుంచి గరిటెడు పాలు తీసి, గిన్నెలో వేడిచేసి మళ్లీ చూసింది. మేమిద్దరం ఆమె ముక్కు వైపే చూస్తూ నిలబడ్డాం. "పాలల్లో లేదు. మూతకే ఉండాది. పొయ్యమ్మా," అంది చివరికి. నన్ను మాత్రం సబ్బిచ్చి కొళాయి దగ్గరికి పంపింది. తిరుగు ఆటోలో నరసమ్మ ఖాళీ క్యాన్ కూడా నా చేతికివ్వలేదు.

పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి ఒంటిగంట. ఫ్యాక్టరీలో మెరిసే గొట్టాలు, అద్దాల గదులు, నిమిషం ఆగని ప్యాకింగ్ మెషిన్లు చూశాను. ట్యాంకర్ రాగానే తెల్లకోటు అమ్మాయి పైకెక్కి మూత తెరిచి, అన్నిటికంటే ముందు వాసన చూసింది. నేను చేతులు జేబుల్లో పెట్టుకుని దూరంగా నిలబడ్డాను.

ఎన్ని దేశాలకు విస్తరించినా ఆ కంపెనీ తెల్లవారేసరికి నరసమ్మ క్యాన్ కోసం ఎదురు చూడాల్సిందే. ఆ నరసమ్మకు నెల రోజుల ఆసరా నా అరచేతి కింద ఉందని నాకు తెలియనే లేదు. ఇప్పుడు ఆ పెరుగు తింటుంటే గౌరవం కలుగుతుంది, కాస్త భయం కూడా వేస్తుంది. మీరూ వెళ్లేట్టయితే ఒకటే మాట. ఆటోలో ఎవరైనా పాల క్యాన్ పట్టుకొమ్మంటే, ముందు మీ చెయ్యి మీరు వాసన చూసుకోండి.