నవ్వని ఫ్లోరెన్స్

మా ఫ్లోరెన్స్‌కి నవ్వడం రాదని ఈ న్యూజిలాండ్ ఊళ్లో, లోవర్ హట్‌లో, అందరూ అంటారు. వాళ్ల మొహం! ఏలూరులో పదేళ్లు స్టాఫ్ నర్సుగా వార్డు నడిపిన మనిషి. ఇక్కడ నర్సుగా రిజిస్ట్రేషన్ ఇంకా రాక, ముసలివాళ్ల హోమ్‌లో పక్కలు మార్చే కేర్‌గివర్ అయింది. నేనూ అక్కడే పనిచేస్తాను కాబట్టి అన్నీ కళ్లారా చూస్తున్నాను. నడుం విరిగేలా చాకిరీ చేసినా మేనేజరమ్మ అనేది ఒక్కటే మాట: "కొంచెం నవ్వు, ఫ్లోరెన్స్!" నవ్వు కూడా డ్యూటీలో భాగమట, సిగ్గులేకపోతే సరి.

ఆ కోపాన్ని ఫ్లోరెన్స్ గుడ్డ మీద పెట్టింది. 2016లో తన మొహం బొమ్మని తనే కుట్టుకోవడం మొదలుపెట్టింది. మొదటిదాంట్లో ఏడుపు, రెండోదాంట్లో భయం. మూడోది పాత యూనిఫాం గుడ్డ మీద కుట్టింది. జుట్టుకి చింపిన డ్యూటీ రోస్టర్ కాగితాలు, కళ్లకి మాత్రల రేకులు అంటించింది. నోరు మాత్రం ఎర్రదారంతో, పళ్లు బిగబట్టినట్టు కుట్టింది. చూస్తే నాకే ఒళ్లు జలదరించింది.

"ఇది నేనే. ఉన్నదున్నట్టు ఒక్కసారి జనం చూస్తే చాలు" అని కమ్యూనిటీ హాల్లో ప్రదర్శనకి ఇచ్చింది.

వచ్చినవన్నీ గోడలకి తగిలించే పని మా చర్చి సీతారత్నం ఆంటీది. ఆవిడ మిషన్ హాస్టల్లో కుట్టు నేర్చిన మనిషి. అక్కడ చిన్నవాళ్ల కుట్టు వంకరపోతే పెద్దవాళ్లు అడక్కుండానే విప్పి దిద్దుతారు. వాళ్లకి అదే ప్రేమ, అదే పెద్దరికం.

శనివారం పొద్దున మేం వెళ్లేసరికి గోడ మీద ఫ్లోరెన్స్ నవ్వుతోంది. ఎదురుగా మా మేనేజరమ్మ.

"నాకు కావలసిన ఫ్లోరెన్స్ ఈవిడే! మన రిసెప్షన్‌లో పెట్టుకుందాం" అంటూ చప్పట్లు కొడుతోంది.

"నోరు వంకరపోయిందమ్మా, రాత్రి కూర్చుని నేనే సరిచేశాను" అంది ఆంటీ మురిసిపోతూ. "ఎంత కళ వచ్చిందో చూడు!"

"అది వంకర కాదాంటీ, నా కోపం. నన్నడక్కుండా ఎలా విప్పారు?"

"అయ్యో, నీ మంచికే కదే! నలుగురూ చూసేది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫ్లోరెన్స్ అరుస్తుందనుకున్నాను. తనేమో గుడ్డ కిందికి దించి, ఆంటీ సంచిలోంచి కత్తెర తీసి, ఆ నవ్వుని గుడ్డతో సహా కత్తిరించేసింది. నోరున్నచోట బొక్కతో ఆ మొహాన్ని మళ్లీ గోడకి తగిలించింది.

కత్తిరించిన ముక్కని మేనేజరమ్మ చేతిలో పెట్టింది.

"మీకు కావలసింది ఇదే కదా, తీసుకెళ్లండి."