ప్లగ్గుకు పట్టీ కట్టిన జయమ్మ

పెళ్ళిలో పాట సగంలో ఆగిపోతే జనం ముందు మైక్ సెట్టు వైపు చూస్తారు, తరువాత మైక్ సెట్టు వాడి భార్య వైపు చూస్తారు. 1946లో బెంగుళూరు కాటన్‌పేటలో ఆ చూపులన్నీ జయమ్మ మీదే పడేవి.

ఆమె భర్త సొన్నప్ప. యుద్ధం ముగిశాక కంటోన్మెంటులో మిలిటరీ సామాను వేలం వేస్తుంటే అందరూ దుప్పట్లూ బూట్లూ కొనుక్కున్నారు. అతను మాత్రం ఒక ఆంప్లిఫయరు పెట్టె, ఒక మైకు, రెండు పెద్ద బూరాలు జట్కాలో వేసుకుని పెళ్ళికొడుకులా ఇంటికొచ్చాడు. పెట్టెకున్న స్విచ్చి ఎక్కడో విరిగిపోయింది. సొన్నప్ప తీగలు నేరుగా కలిపేశాడు. ప్లగ్గు గోడలో పెడితే పెట్టె మాట్లాడుతుంది, తీస్తే ఊరుకుంటుంది.

చిక్కల్లా ఏమిటంటే, ఆ ప్లగ్గు తనకు తోచినప్పుడల్లా ఊడి కిందపడేది. సత్రాల్లో సాకెట్లు పాతవి, వాటి రంధ్రాలు వదులైపోయాయి. ఒక పిల్లవాడు తీగ మీదుగా పరిగెత్తితే చాలు. సొన్నప్ప చాకుతో ఇత్తడి పుల్లల చీలికను కొంచెం వెడల్పు చేసి మళ్ళీ దూర్చేవాడు. అది రెండు పాటల దాకా నిలిచేది. చివరికి జయమ్మకు ఒక ఉద్యోగం కుదిరింది: గోడ పక్కన నిలబడి ప్లగ్గును అరచేత్తో అదిమి పట్టుకోవడం. ఆ ఏడాది పెళ్ళిళ్ళన్నీ ఆమె వీపుతోనే చూసింది.

ఒక పెళ్ళిలో ఎవరో పుణ్యాత్మురాలు ఆమె వైపు ఓళిగ చాపింది. వేడి వేడి బొబ్బట్టు, పైన నెయ్యి. జయమ్మ చెయ్యి చాపింది. సరిగ్గా మాంగల్యధారణ సమయానికి నాదస్వరం బూరాల్లోంచి మాయమై, పందిట్లో ఒక మూల పీలగా వినబడింది. సొన్నప్ప తల పట్టుకున్నాడు. ఓళిగ మాత్రం చాలా బాగుందని జయమ్మ తరువాత ఒప్పుకుంది.

ఇంటికి తిరిగి వస్తూ జట్కాలో బూరాల మధ్య ఇరుక్కుని కూర్చున్నప్పుడు ఆమె కళ్ళు గుర్రం మీద పడ్డాయి. ఈగ వాలితే గుర్రం ఒళ్ళు విదిలిస్తోంది, గుంత వస్తే ఎగురుతోంది, అయినా దాని వీపు మీది జీను ఇసుమంతైనా జరగడం లేదు. కారణం ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కడుపు కింద బిగించిన తోలు పట్టీ. ఆమె తండ్రి కదిరప్ప జట్కా గుర్రాల జీనులు, పట్టీలు కుట్టేవాడు. ఆ పట్టీల మధ్యనే ఆమె పెరిగింది. జయమ్మకు అక్కడే నవ్వు పట్టుకుంది. ఎందుకు నవ్వుతోందో చెప్పబోతే మళ్ళీ నవ్వు వచ్చింది. ఓళిగలో ఏమి కలిపారో అని సొన్నప్ప భయపడ్డాడు.

మరునాడు ఆమె పుట్టింటికి వెళ్ళి తండ్రి ముందు కూర్చుంది.

"నాయనా, గుర్రానికి కాదు, ప్లగ్గుకు పట్టీ కుట్టాల."

కదిరప్ప ఇంట్లో అప్పటికీ కిరసనాయిలు దీపమే. కరెంటు అంటే ఆయనకు పాముతో సమానం. సూది ఆపి, ఎంతో గంభీరంగా అడిగాడు. "అది తన్నుతాదా పాపా?"

"తన్నదు నాయనా. పారిపోతా ఉండాది."

అది ఆయనకు తెలిసిన జబ్బే. వెంటనే కొలతలు అడిగాడు.

ఆ రోజుల్లో సాకెట్టును గోడకు నేరుగా బిగించేవారు కాదు. ముందు ఒక గుండ్రటి చెక్క బిళ్ళను గోడకు కొట్టి, దాని మీద సాకెట్టు పెట్టేవారు. జయమ్మ అలాంటి బిళ్ళ ఒకటి సాకెట్టుతో సహా తెచ్చి తండ్రి ఇంటి ద్వారబంధానికి కొట్టించింది. ఆమె ఆలోచన ఇది. బిళ్ళ చుట్టూ ఒక తోలు పట్టీ బిగించాలి. దాని నుంచి రెండు సన్న పట్టీలు ప్లగ్గు వీపు మీదుగా వచ్చి, అవతలి వైపు బిగుసుకోవాలి. నడుమ తీగ బయటికి రావడానికి ఒక చీలిక ఉండాలి. సత్రానికొక సైజు బిళ్ళ కనుక పట్టీకి వరసగా చిల్లులు ఉండాలి. కదిరప్ప ముచ్చటపడి ప్లగ్గు నెత్తిన ఒక పెద్ద ఇత్తడి బకిల్ పెడతానన్నాడు. జయమ్మ ఒప్పుకోలేదు. కరెంటు దగ్గర ఇత్తడి వద్దు, బకిల్ చెక్క పక్కనే ఉండాలంది. సొన్నప్ప షాకు కొట్టి ఎగిరిపడటం ఆమె చాలాసార్లు చూసింది.

మొదటి పట్టీ చూడటానికి నగలా ఉంది. తీగ పట్టి లాగితే చెక్క మీది నుంచి జారి చేతిలోకి వచ్చింది. రెండోదీ అంతే. జయమ్మ దాన్ని విసిరికొట్టి, లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి చూసింది. పట్టీ నేల మీద పడి ఉంది. తోలు గరుకు వైపు పైకి కనిపిస్తోంది. గుర్రం ఒళ్ళు ఒరుసుకుపోకుండా నునుపును లోపలికి పెట్టే అలవాటుతో, కదిరప్ప ఇక్కడా నునుపును చెక్క వైపే పెట్టాడు. గోడకేమైనా ఒళ్ళు ఒరుసుకుపోతుందా అనుకుని పట్టీని తిప్పి బిగించింది.

లాగింది. రాలేదు. ద్వారబంధానికి కాలు తన్ని లాగింది. రాలేదు. కదిరప్ప వచ్చి కూతురి వెనక నిలబడి లాగాడు. అదే సమయానికి భార్యను పిలుచుకుపోదామని వచ్చిన సొన్నప్ప, మామా కూతురూ ఒక ప్లగ్గుతో కుస్తీ పడుతుండటం చూసి, ఏమీ అడగకుండా తువ్వాలు నడుముకు చుట్టి తనూ చెయ్యి వేశాడు. తీగ జయమ్మ చేతుల్లోంచి జారింది. ముగ్గురూ ఒకరి మీద ఒకరు వెల్లకిలా పడ్డారు. ప్లగ్గు చోటు కదలలేదు. కదిరప్ప నేల మీదే పడుకుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తల్లి పోయాక నాయన అలా నవ్వడం జయమ్మ చూడలేదు.

పట్టీ కట్టిన మొదటి పెళ్ళి బెల్లం వ్యాపారి వెంకటగిరియప్ప గారి మనవరాలిది. జయమ్మ మంచి చీర కట్టుకుని, మొదటిసారి పెళ్ళికూతురిని ముందు వైపు నుంచి చూసింది. పిల్లలు తీగ మీద గంతులేశారు. ఎవరో ముసలమ్మ తీగకు కాలు తగిలి తూలింది. నాదస్వరం ఒక్క స్వరం కూడా పోలేదు. ఆమెకు గాలిలో తేలుతున్నట్టుంది.

అప్పుడు పెద్దాయన వెంకటగిరియప్ప ఆశీర్వదించడానికి మైకు అందుకున్నాడు.

పేటలో ప్రతి పెళ్ళిలోనూ ఆయన మాట్లాడేవాడు. తన వంశం మూలపురుషుడి దగ్గర మొదలుపెట్టేవాడు. ఇంతవరకు ఆ మూలపురుషుడికి పెళ్ళి కాకముందే ప్లగ్గు ఊడిపోయేది, కరెంటు పోయిందనుకుని ఆయన కూర్చునేవాడు. ఆ ఊడిపోయే ప్లగ్గు పేటకు ఎంత ఉపకారం చేస్తోందో ఆనాటి దాకా ఎవరూ గమనించలేదు. ఈసారి మూలపురుషుడికి పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, వాళ్ళకూ పెళ్ళిళ్ళు అవుతున్నాయి. విస్తళ్ళు వేసి ఉన్నాయి. పెట్టె ఆయన కాళ్ళ దగ్గరే ఉంది కనుక దాని మీద చెయ్యి వేయడం మర్యాద కాదు. గోడకు స్విచ్చి లేదు. ప్లగ్గు తీసేయమని సొన్నప్ప భార్యకు కళ్ళతో సైగ చేశాడు.

జయమ్మ వెళ్ళి బకిల్ పట్టుకుంది. కొత్త తోలు, బిగుసుకుపోయింది. గోరు విరిగింది. పళ్ళతో లాగుదామనుకుని, కరెంటు గుర్తొచ్చి మానుకుంది. ఇంతలో ఆమెకు మళ్ళీ నవ్వు ముంచుకొచ్చింది. భుజాలు ఊగిపోతున్నాయి.

"గోడకాడ ఆ పాప ఏం కొట్లాడతా ఉండాది?" అన్నాడు పెద్దాయన. ఆ ప్రశ్న బూరాల్లోంచి వీధి చివరిదాకా వెళ్ళింది.

జనమంతా గోడ వైపు తిరిగారు. జయమ్మ తిరిగి, కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇది ఊడకుండా కట్టింది నేనే తాతా. తీద్దామంటే రాకుండా ఉండాది."

"ఎందుకు తీయాల?"

"చారు ఆరిపోతా ఉండాది తాతా."

సొన్నప్ప కళ్ళు మూసుకున్నాడు. వెంకటగిరియప్ప విస్తళ్ళ వైపు చూశాడు, జనం వైపు చూశాడు. ఇన్నాళ్ళూ తన మాటలప్పుడే కరెంటు ఎందుకు పోతోందో ఆయనకు బోధపడినట్టుంది. మెల్లగా ఆయన బొజ్జ కదిలింది. ఆ నవ్వు మైకులో పడి, బూరాల్లో పెరిగి, పేటంతా పాకింది. వంటవాళ్ళు కూడా గరిటెలు పట్టుకుని బయటికి వచ్చి నవ్వారు. ఆయన కిందికి దిగి వచ్చి పట్టీని తడిమి చూసి, తన ఇంట్లో రేడియోకూ ఇట్లాంటిది ఒకటి కావాలన్నాడు.

తరువాత జయమ్మ పట్టీకి తోలు నాలుక ఒకటి చేర్చింది. తీగను ఎంత లాగినా పట్టీ వదలదు, ఆ నాలుకను లాగితే మాత్రం ఒక్కసారిగా జారిపోతుంది. పేటలో మిగతా మైక్ సెట్ల వాళ్ళూ, టేబుల్ ఫ్యాన్లున్న షావుకార్లూ వచ్చి అడిగారు. జట్కాలు తగ్గి చేతిలో పని లేక కూర్చున్న కదిరప్పకు మళ్ళీ సూది ఆపే తీరిక లేకుండా పోయింది.

1949లో ఒక నామకరణానికి వాళ్ళు సెట్టు పెట్టినప్పుడు, వీధిలోంచి వచ్చిన ఆవు కొమ్ముకు తీగ చుట్టుకుంది. అది బెదిరి పరుగెత్తేసరికి తీగ పెట్టె దగ్గర తెగింది. ఫ్యూజు కాలి ఇల్లంతా చీకటైంది. జనం ఆవు వెంట పడ్డారు, అందరికన్నా ముందు జయమ్మ. వీధి మలుపులో ఆవును పట్టుకుని చూస్తే, గోడలోంచి మేకులతో సహా పెరికిన చెక్క బిళ్ళ, సాకెట్టు, ప్లగ్గు మూడూ కలిసి కొమ్ము నుంచి వేలాడుతున్నాయి. ఇంటాయన గోడ పోయిందని మొత్తుకుంటుంటే, జయమ్మ ఆ బిళ్ళను రెండు చేతులా ఎత్తి వచ్చినవాళ్ళందరికీ తిప్పి తిప్పి చూపింది. పట్టీ కట్టినది కట్టినట్టే ఉంది.