ఒడీల్‌కు గుంపు ఇచ్చిన సెలవు

గెలుపు చేతికందిన సైకిలు పందెంలో, నడిరోడ్డు మీద కాలు కింద పెట్టి, వెనుక చిక్కుకుపోయినవాళ్లు వచ్చి కలిసేదాకా నిలబడిన మనిషిని మీరైతే ఏమంటారు? తొందరపడి జవాబు చెప్పకండి. మా జాండ్‌వైకె ఊళ్లో ఈ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి; ఏడాదిగా ఆ రెండూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకదాన్నొకటి తిట్టుకుంటూ బీరు తాగుతున్నాయి. నా జవాబు మాత్రం మొదటి రోజు నుంచీ ఒక్కటే, అది మర్యాదైనది కాదు.

ఆ మనిషి మా పిన్ని గోడెలీవ్ భర్త, ఒడీల్ ఫన్‌హాకె. ఇళ్ల కప్పులకు పెంకులు వేయడం అతని వృత్తి. చర్చి శిఖరం మీద గాలివాటానికి తిరిగే ఇనుప కోడిని మూడుసార్లు దించి, బాగుచేసి, మళ్లీ ఎక్కించినవాడు. ఈ చుట్టుపక్కల గాలి సంగతి అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. సముద్రం వైపు నుంచి వచ్చే గాలి ఏ కొట్టం మూల దగ్గర దారి మార్చుకుంటుందో, ఏ మొక్కజొన్న చేను చాటున సైకిలు మీదివాడికి ఎంతసేపు ఊపిరాడుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఇంత తెలిసినవాడు, పందెంలో గుంపును విడిచి ముందుకు ఉరకడానికి ఎప్పుడు చూసినా ఎదురుగాలి కొట్టే చోటునే ఎంచుకుంటాడు.

"అక్కడ ఉరుకుతానని ఎవడూ అనుకోడు కదా అమ్మాయ్!"

"ఎందుకనుకోడో ఎప్పుడైనా ఆలోచించావా బాబాయ్?"

"ఆలోచిస్తూ కూచుంటే ఇంకెప్పుడు ఉరుకుతాం?"

మా తిరునాళ్ల సోమవారం మధ్యాహ్నం జరిగే పందెం అది. ఎనిమిది కిలోమీటర్ల దారి, పది చుట్లు. జీతం కోసం తొక్కేవాడు ఒక్కడూ ఉండడు; పగలంతా ఇటుకలు మోసేవాళ్లు, పళ్లు పీకేవాళ్లు, పందులు పెంచేవాళ్లు అరవైమంది దాకా వస్తారు. పోయిన ఏడుతో కలిపి ఒడీల్ దానిలో ఇరవై ఒక్కసార్లు పాల్గొన్నాడు, ఇరవై ఒక్కసార్లూ గుంపును విడిచి ఉరికాడు. మొదటి ఇరవైసార్లూ గుంపు అతన్ని పట్టి మింగేసింది. గెలిచినవాడికిచ్చే పూలగుత్తి కోసమని మా పిన్ని పెళ్లయిన కొత్తలో ఒక గాజుకూజా కొని తన బీరు దుకాణంలో అరమీద పెట్టింది. ఇప్పుడు అందులో చక్కెర పొట్లాలు ఉంటున్నాయి. యాభై నిండినవాళ్లకు ఈ పందెంలో చోటు లేదు. పోయిన ఏడు ఒడీల్‌కు నలభై ఎనిమిది. సొంత ఊళ్లో గెలవాలన్న ఒకేఒక్క కోరికకు ఆ పందెంతో కలిపి రెండంటే రెండే అవకాశాలు మిగిలాయి.

ఇక ఆ ఆచారం. పందెం దారి ఎవరి ఇంటి ముందు నుంచి వెళుతుందో ఆ ఊరివాడికి, గుంపు ఒక్క చుట్టులో సెలవిస్తుంది. గాలిమర దాటాక మిగిలినవాళ్లు వేగం తగ్గిస్తారు. అతడు ఒక్కడే ముందుగా వెళ్లి, తన గుమ్మం ముందు భార్యకు ముద్దుపెట్టి, ఇరుగుపొరుగుకు చెయ్యూపి, వెనుక వస్తున్న గుంపులో మళ్లీ కలిసిపోవాలి. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. అరవై ఏళ్ల కిందట ఒకడు ఆ సెలవును వాడుకుని వెనక్కి చూడకుండా పారిపోయి గెలిచాడట. అతని మనవలను ఈనాటికీ 'దొంగసెలవు వాళ్లు' అనే పిలుస్తారు. అచ్చువేసిన చట్టానికి ఇంతటి జ్ఞాపకశక్తి నేనెక్కడా చూడలేదు.

పోయిన ఏడు పందేనికి న్యాయనిర్ణేతల కార్యదర్శిని నేనే. గుంపుకు ముందు వెళ్లే కారులో, నియమాల పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రొట్టెల వ్యాపారం మానేసిన ఫిర్మిన్ తాత కారు నడుపుతున్నాడు. గుంపులో పెద్దవాడైన మౌరిట్స్, పందెం మొదలయ్యే గీత దగ్గర, రివాజు ప్రకారం అడిగాడు:

"ఎన్నో చుట్టులో వెళ్తావ్ ఒడీల్?"

"ఏడో చుట్టులో."

ఏడో చుట్టులో గాలిమర దాటగానే ఒడీల్ సెలవు మీద బయలుదేరాడు. మా పిన్ని దుకాణం, వాళ్ల ఇల్లూ అదే, రైలుపట్టాలకు అవతల, గేటును ఆనుకునే ఉంటుంది. పందెం వేళలను రైలు వేళలు చూసే నిర్ణయిస్తారు. కాని ఆ రోజు రైలు ఆలస్యంగా వచ్చింది. మా కారూ ఒడీలూ పట్టాలు దాటీదాటగానే గంట మోగింది.

ఫిర్మిన్ తాత అద్దంలో చూసి, "గేటు పడిందే! మొత్తం మంద అవతలే ఉండిపోయింది!" అన్నాడు.

ప్రయాణికుల బండి వెళ్లింది. గేటు లేవలేదు. ఎదురువైపు నుంచి సరుకుల బండి, నిండు గర్భిణిలా, వస్తూనే ఉంది. ఒడీల్ మా పిన్నికి ముద్దుపెట్టి వెనక్కి తిరిగి చూశాడు; ఖాళీ రోడ్డు. తలెత్తి చర్చి మీది కోడిని చూశాడు. ఇరవై ఏళ్లలో ఒక్కసారి, సరిగ్గా ఆ క్షణాన, అతనికి వెనుకగాలి వీస్తోంది.

కాలు కింద పెట్టి నిలబడ్డాడు.

నేను కిటికీ అద్దం దించి, పుస్తకం తెరిచి, గట్టిగా చదివాను. "ముందున్నవారు దాటిన తరువాత గేటు పడినచో, వారు ఆగనవసరం లేదు. అది పందెంలో భాగముగానే పరిగణించబడును."

"నువ్వు తీర్పరివమ్మాయ్. నాకు సలహా చెప్పకూడదు."

"నియమం చదవడం సలహా కాదు బాబాయ్! కావాలంటే ఇంకోసారి చదువుతాను."

"అది గేటు దాటినవాడి గురించిన రూలు. నేను దాటింది సెలవు మీద. వాళ్లు వదలకపోతే ఈపాటికి నేనూ అవతలే నిలబడి రైలుపెట్టెలు లెక్కపెడుతుండేవాణ్ణి."

నన్ను మండించిన సంగతి ఏమిటంటే, వాదన బాగుంది. ఐదేళ్లు చట్టం చదివిన నేను, నడిరోడ్డు మీద, చెమటలు కారుతున్న పెంకుల మేస్త్రీ వాదనలో లొసుగు కోసం పుస్తకం పేజీలు తిప్పాను.

దుకాణం ముందున్నవాళ్లు రెండుగా చీలిపోయారు.

"పోవోయ్ ఒడీల్! రైలునేం నువ్వు పిలిచావా?"

"కదిలావో, నీ మనవలకు కూడా పేరు పెడతాం, చూస్కో!"

మా పిన్ని చేతులు నడుమున పెట్టుకుని అడిగింది. "వెళ్తావా, లోపలికొస్తావా? ఆమ్లెట్ వెయ్యనా?"

"పందెం అయ్యాక వెయ్యి."

"ఇది పందెమా? బస్సు కోసం నిలబడ్డట్టున్నావ్!"

ఆగకుండా వెళ్లి ఉంటే, గుంపుకు నిమిషన్నర ముందుండేవాడు. మిగిలిన దారికి అది చాలా ఎక్కువ. ఎదురుగాలిలో కూడా, ఒడీల్ తొక్కే తీరులో కూడా, అది చాలేది. గేటు లేచింది. అరవైమంది వచ్చి కలిశారు. మౌరిట్స్ వెళుతూ వెళుతూ ఒడీల్ భుజం తట్టాడు. బీమా కార్యాలయంలో పనిచేసే లీవెన్ మాత్రం నవ్వాడు. జీవితంలో ఏనాడూ గాలికి ముఖం చూపించక, ముందువాడి చక్రం చాటునే బతికే లీవెన్‌ను ఊళ్లో జలగ అంటారు.

"థాంక్స్ ఒడీల్! నేనైతే ఈపాటికి ఇంటికెళ్లి స్నానం చేస్తుండేవాణ్ణి."

ఆఖరి చుట్టులో, బీటుదుంపల చేల పక్కన, గాలి గుండెల మీద గుద్దే చోట, ఒడీల్ మళ్లీ ఉరికాడు. గుంపు ఈసారి నిజంగానే వెనుకబడింది. అంటుకుని వచ్చినవాడు ఒక్కడే, జలగ. వాళ్ల మాటలు మా కారులోకి వినిపిస్తూనే ఉన్నాయి.

"ఒక్కసారి ముందుకొచ్చి నువ్వూ గాలి కాయరా!"

"రాలేను ఒడీల్. వెనకాల గుంపులో మా జట్టువాడున్నాడు, నీకు సాయంపట్టి వాడికి ద్రోహం చెయ్యమంటావా?"

"వాడి టైరు పగిలి గంటయింది! బీరు తాగుతున్నాడు, ఇందాక చూశా!"

"అయితే ఏంటి? జట్టు జట్టే కదా."

గీత ఇంకా రెండువందల మీటర్లుండగా జలగ చక్రం చాటు నుంచి బయటికొచ్చి, అలవని కాళ్లతో దాటిపోయాడు. ఒడీల్ రెండోవాడు. ఇరవై ఒక్క ఏళ్లలో గెలుపుకు అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. పూలగుత్తి లీవెన్ భార్య చేతికి వెళ్లింది. ఒడీల్ అతనికి చెయ్యి కలిపి, దుకాణంలోకొచ్చి, ఆమ్లెట్ తిన్నాడు. చక్కెర కోసం ఆ గాజుకూజాలో చెయ్యి పెట్టబోయి, ఎందుకో తీసేసుకుని, కాఫీ చేదుగానే తాగాడు.

నేను ఊరుకోలేదు. ఆ సెలవును రద్దయినా చేయాలి, లేదా హద్దులతో సహా రాతలోకయినా తేవాలి అని పందెం సంఘానికి నాలుగు పేజీల అర్జీ పెట్టాను. ఒకరి మంచితనం మీద ఇంకొకరు గెలిచే ఏర్పాటును ఆచారమని పిలవడం న్యాయం కాదని రాశాను. సంఘంవాళ్లు చదివి, బాగుందని మెచ్చుకుని, తిరునాళ్ల అయ్యాక చూద్దామన్నారు. ఏ తిరునాళ్లో చెప్పలేదు. ఒడీల్‌ను కదిలిస్తే అతనిదీ అదే ధోరణి.

"ఎందుకమ్మాయ్ రాయడం? సెలవంటే ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ తెలిస్తే చాలదూ?"

"జలగకు తెలిసిందా మరి?"

అతడు నిచ్చెన భుజాన వేసుకుని పనికి వెళ్లిపోయాడు. ఆ శీతకాలమంతా కప్పుల మీద పెంకులు సర్దుతూ, మధ్యలో ఆగి పట్టాల వైపు చూస్తుండేవాడని మాత్రం అతనితో పనిచేసేవాళ్లు చెప్పారు. ఇంక ఈ మనిషి మారడని నేను ఆశ వదిలేశాను. ఆఖరి పందెంలోనూ ముద్దు, చెయ్యూపుడు, ఎదురుగాలి, రెండో స్థానం. అన్నీ నాకు ముందే కనిపించాయి.

ఈ సోమవారం మధ్యాహ్నం, చర్చి ముందు గీత మీద అరవైమందీ ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడలు మీద పెట్టి నిలబడ్డారు. నేను కారులో, పుస్తకం మూసుకుని కూర్చున్నాను. మౌరిట్స్ మెడ తిప్పి, అందరికీ వినపడేలా అడిగాడు:

"ఆఖరిసారి కదా ఒడీల్. ఎన్నో చుట్టులో వెళ్తావ్?"

ఒడీల్ ఇనుప కోడి వైపు చూశాడు.

"ఈసారి నాకు సెలవొద్దు మౌరిట్స్."

నేను కారు కిటికీలోంచి తల బయటపెట్టాను. నాకు తెలిసి, ఆ సెలవు వద్దన్నవాడు మా ఊళ్లో ఇంతవరకు లేడు.

"మరి ఇంటి దగ్గర? గోడెలీవ్ ఎదురుచూడదూ?"

"దానికి పొద్దున్నే చెప్పొచ్చాను."

వెనుక నుంచి లీవెన్ తల ముందుకు చాచాడు. "అంటే ఏంటి ఒడీల్? దాని అర్థమేంటి?"

ఒడీల్ వెనక్కి తిరగలేదు. చేతులు రెండూ హ్యాండిల్ కిందికి జార్చి పట్టుకున్నాడు.

"అర్థమేముంది? ఇయ్యాళ నేనెవరికీ బాకీ లేను. వెళ్లానా, వెళ్లినట్టే. ఎవరికోసమూ ఆగను."