పద్దెనిమిది పూటలు

మా మేనమామకు నేను పనికొచ్చే మనిషినని నమ్మడం మొదలుపెట్టింది ఆశ్వయుజ శుద్ధ విదియ, మంగళవారం, పొద్దున ఎనిమిది దాటాక. గంట ఎలా తెలుసంటే, మా బండి జగదల్‌పూర్‌లోకి వస్తుండగా కోటలో ఎనిమిది కొట్టారు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత దీన్ని తవ్వుకోవడానికి కారణం మా మనవరాలు. కిందటి నెల గీదం కూడలిలో బస్సు దిగి, "ఈ వరసలో ఏ హోటల్ బాగుంటుంది అమ్మమ్మా?" అని అడిగింది. నేను బోర్డులు చదవలేదు. తిన్నగా హోటళ్ళ వెనక్కి నడిచి, ఎంగిలాకులు పారేసే చోట్లు చూసి, మూడోదానిలోకి వెళ్దాం అన్నాను. భోజనం బాగుంది. ఈ విద్య ఎవరు నేర్పారని పిల్ల నవ్వింది. బస్సు బయల్దేరేలోగా చెప్పగలిగేది కాదు కనక చెప్పలేదు.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. బస్తరు ఇంకా రాజ్యంగానే ఉండేది. అమ్మా నాన్నా ఒకే వానాకాలంలో జ్వరాలతో పోతే, భోపాల్‌పట్నంలో దుకాణం నడుపుకునే మేనమామ నన్ను తెచ్చి తన ఇంట్లో పెట్టుకున్నాడు. అత్త చెడ్డదని నేను అనను. లెక్క తెలిసిన మనిషి. రోజూ బియ్యం కడుగుతూ "తినేటోళ్ళం ఆరుగురం, ఇది ఏడోది" అని పైకే అనేది. కూడిక నాకు వచ్చింది ఆవిడ దగ్గరే. ఆ ఇంట్లో నన్ను ఉండనిస్తారా, లేదా అన్న ఒక్క దిగులుతోనే నేను నిద్ర లేచేదాన్ని. అందుకే దసరాకు సరుకు వేసుకుని జగదల్‌పూర్ వెళ్తూ మామ నన్ను కూడా బండెక్కమన్నప్పుడు ప్రాణం లేచివచ్చింది. "పనికొస్తవో లేదో జూస్త. పనికొస్తె ఏడాదికోపారి నిన్నే తోల్కపోత," అన్నాడు. పదకొండు రోజుల బండి ప్రయాణంలో ఆ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నానో, లెక్కపెట్టని సంగతి అదొక్కటే.

కరక్కాయలూ సారపప్పూ అమ్ముడుపోయేదాకా తొమ్మిది రోజులు ఆ ఊళ్ళో ఉన్నాం. మామ ఏటా వచ్చేవాడే గాని, ఎప్పుడూ బండి దగ్గరే మూడు రాళ్ళు పెట్టి వండుకునేవాడట. ఆ ఊళ్ళో ఎక్కడ ఏం దొరుకుతుందో ఆయనకూ నాకెంతో అంతే తెలుసు. ఈసారి మాత్రం "వండుడు లేదు. ఊరంత తిరిగి తిని జూద్దాం," అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. పండగ ఊరు, రథం లాగడానికి అడవి గ్రామాలన్నిటి నుంచీ జనం దిగుతున్నారు, దుమ్ములో నూనె వాసన, ఇప్పపూల వాసన, పశువుల వాసన కలిసిపోయి ఉన్నాయి. గోల్‌బజారు మలుపులో పూరీలు వేయిస్తున్న దుకాణం ముందు నా కాళ్ళు ఆగిపోయాయి.

"ఏందే, గట్ల నిలబడ్డవు?"

"నెయ్యి వాసన, మామా."

"వాసన ముంగటికే వస్తది. ఎన్కకు పోయి ఆకులు జూడు. ఎన్నిట్ల కూడు మిగిలింది, ఎన్ని నాకినట్టున్నయి, లెక్కబెట్టుకోని రా."

వెళ్ళి చూసి వచ్చాను. "పన్నెండు ఆకులున్నయి మామా. తొమ్మిదిట్ల పూరీలు గట్లనే ఉన్నయి. కుక్క గూడ వాసన జూసి పక్కకు పోయింది."

మామ పగలబడి నవ్వాడు. "పనికొస్తవే పిల్లా!" అన్నాడు. ఆ తర్వాత నేను ఆ ఊరి పెరళ్ళన్నీ తిరిగాను. ఏడు పూటలు ఏడు చోట్ల తిన్నాం. నేను ఆకులు లెక్కపెడుతుంటే మామ వెనకాలే వచ్చి, అక్కడ అంట్లు తోముకునే మనిషిని పలకరించేవాడు. ఆమె మాట హల్బీ అయితే హల్బీలో, గోండీ అయితే గోండీలో, ఎవరినైనా ఒకటే అడిగేవాడు: "తిన్నవా?" ఎంత దయ ఉన్న మనిషి అనుకునేదాన్ని.

మూడో రోజు ఒక మార్వాడీ వంటశాలలో తిన్న పప్పు ఇప్పటికీ నాలుక మీద ఉంది. ఇంగువ, నెయ్యి, పైన చిటికెడు పంచదార. ఇరవై ఆకుల్లో పంతొమ్మిది కడిగినట్టున్నాయి. అయినా అంట్ల దగ్గర కూర్చున్న మనిషి, అందరూ తిన్నాక మిగిలితే తింటానని చెప్పగానే, మామ తల అడ్డంగా ఊపాడు. "రేపు ఈడికి వద్దు."

"పప్పు గంత బాగుండె గదా మామా!"

"పప్పొక్కటి బాగుంటె సరిపోతదా?"

ఆయన నాలుక నా నాలుక కంటే గొప్పదని ఒప్పుకుని ఊరుకున్నాను.

శుక్రవారం సాయంత్రం, ఎనిమిదో పూటకు, నేను బజారు వెనక సందులో ఒక పూటకూళ్ళ ఇల్లు కనిపెట్టాను. గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగావిడ, భర్త లేడు. పెరట్లో ముప్పై ఒక్క ఆకులు, ఒక్కదాని మీదా మెతుకు లేదు. వెదురు చిగుళ్ళు పెసరపప్పుతో కలిపి వండేది. పులుపు, కారం, ఆ చిగురు కరకర. మామ అంట్ల మనిషిని మామూలుగానే అడిగాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ, "మీకంటే ముందే తిన్నా," అంది. వడ్డిస్తున్న ఆవిడ అది విని, "ఆకలితో ఉన్న మనిషి వడ్డిస్తే కళ్ళు విస్తట్లోనే ఉంటాయండీ. మా ఇంట్లో పనివాళ్ళు తిన్నాకే పొయ్యి మీంచి గిన్నె దిగుతుంది," అంది. మామ ఆకు మీది మెతుకులన్నీ ఊడ్చుకు తిన్నాడు. తర్వాత, "ఇంకో గంటె వెయ్యక్కా," అన్నాడు. అక్కడినుంచి పదకొండు పూటలు వేరే గడప తొక్కలేదు. "మంచిది దొరకబట్టినవే," అని రోజుకొకసారైనా నన్ను మెచ్చుకునేవాడు. మెచ్చుకునేటప్పుడు నా వైపు చూసేవాడు కాదు.

గురువారం, ఏకాదశి. మామ నా బట్టల మూట ఆ ఇంటి అరుగు మీద పెట్టించాడు. "ఉప్పు బస్తాలు ఎక్కిచ్చుకోని వస్త. నేనొచ్చేదాంక ఎన్ని ఆకులు పడ్తయో లెక్కబెట్టు, బిడ్డా." ఎప్పుడూ పిల్లా అనే మనిషి బిడ్డా అన్నాడు. కోటలో తొమ్మిది కొట్టారు. పెరట్లో గోడకు ఆనుకుని కూర్చుని లెక్కపెట్టాను. పన్నెండు కూడా కొట్టాక ఆవిడ వచ్చింది.

"ఏంటమ్మాయ్ చేస్తున్నావు?"

"ఆకులు లెక్కబెడ్తున్న. నలభై ఏడు."

"చాల్లే, రా, అన్నం తిను."

"మా మామను రానీ."

ఆవిడ పక్కన గొంతుక్కూర్చుంది. "మీ మామ గీదం దారి పట్టి మూడు గంటలైందమ్మా. ఇక్కడ పనికి ఉంటావని నీకు చెప్పానన్నాడే. చెప్పలేదూ?"

"చెప్పిండు," అన్నాను. ఆయన పరువు కోసం నేను ఆడిన అబద్ధం అదొక్కటే.

ఆ పూట అన్నం ముందు కూర్చున్నప్పుడు తెలిసింది. ఆకులు చూసింది నేను. ఆయన చూసింది అంట్లు తోమేవాళ్ళ కడుపులను. ఊరంతా తిరిగి ఆయన వెతికింది తినడానికి మంచి చోటు కాదు, నన్ను వదిలిపెట్టడానికి. దాన్ని వెతికి పట్టుకున్నది మాత్రం నేనే, ముప్పై ఒక్క ఆకులు లెక్కపెట్టి మరీ.

ఆ ఇంట్లో ఏడేళ్ళు ఉన్నాను. ఆవిడ నన్ను కొట్టలేదు, తిట్టలేదు, చివరికి పెళ్ళి కూడా ఆవిడే చేసింది. మామ ఏటా దసరాకు వచ్చి విస్తరి ముందు కూర్చునేవాడు. "తిన్నవా బిడ్డా?" అని అడిగేవాడు. అడగకుండానే ఇంకో గంటె వేసి పక్క విస్తరికి వెళ్ళేదాన్ని. ఆరు దసరాలు వచ్చాడు, ఆరుసార్లు అడిగాడు. ఏడో ఏడు రాలేదు.

పోయినవి ఇవి: మేనమామ ఒకడు. ఏడాదికొకటి చొప్పున ఆయన వెంట చేస్తాననుకున్న ప్రయాణాలన్నీ. భోపాల్‌పట్నంలో దండెం మీద ఆరేసి వచ్చిన పరికిణీ ఒకటి. ఆయన పక్కన కూర్చుని తిన్న పద్దెనిమిది పూటలు, మార్వాడీ పప్పు తప్ప మిగతా వాటి రుచి. ఆనాటి నుంచి ఈనాటి దాకా నేను పస్తున్న పూట మాత్రం ఒక్కటీ లేదు. దాన్ని ఈ లెక్కలో ఎటువైపు వేయాలో ఇన్నేళ్ళ కాలం కూడా నాకు చెప్పలేకపోయింది.