మేము తుడిచిన కంప్యూటర్

మా చిన్నప్పుడు... ఎల్లారెడ్డి దగ్గరి మా ఊరి బడికి కంప్యూటర్ వచ్చిన రోజు, జీపు వెనకాల పిల్లలమంతా పరుగెత్తాం. తొంభైల మొదట్లో సంగతి. అట్టపెట్టెలు దించుతుంటే లోపల ఏముందో చూడాలని ఒకరి భుజాల మీద ఒకరం ఎగబడ్డాం.

కొబ్బరికాయ కొట్టారు. టీవీలాంటి ఆ తెరకు బొట్టు పెట్టారు. దుమ్ము పడకుండా నీలం బట్టతో ముసుగు కుట్టించారు. అది కుట్టింది నా పక్కన కూర్చునే షాహీన్ వాళ్ళ నాన్న... మా ఊళ్ళో దర్జీ. "మా అబ్బా కుట్టిండు" అని ఆ రోజంతా కనబడినవాళ్ళకల్లా చెప్పుకుంది.

అప్పుడు మేము తొమ్మిదో తరగతి.

కామారెడ్డి నుంచి ఒకాయన వచ్చి మా లెక్కల సారుకు అది నడపడం నేర్పి పోయాడు. గది తాళంచెవి సారు జేబులోకి చేరింది. ఇక పిల్లలను వంతులవారీగా లోపలికి పిలిచేవాడు... పిల్లలంటే మగపిల్లలు.

"మాకెప్పుడు సార్?" అని ఆడపిల్లలం అడిగాం.

"మీకెందుకే? ఖరాబైతే ఎవరు బాగుచేస్తరు? పొద్దుగాల వచ్చి గది ఊడ్వుండ్రి, సాలు" అన్నాడు.

ఊడ్చాం. చెప్పులు బయట విడిచి, మెత్తటి పాతబట్టతో తెర తుడిచాం. బటన్ల సందుల్లో దుమ్మును కోడి ఈకతో తీశాం. గంట కొట్టగానే మమ్మల్ని బయటికి పంపి తలుపు వేసేవాడు.

కిటికీలోంచి చూసేవాళ్ళం... ఫ్లాపీ పెట్టగానే కర్ర్ కర్ర్‌మని చప్పుడు, నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. ఒక ఆటలో పైనుంచి అక్షరాలు రాలిపడేవి... కింద పడకముందే ఆ అక్షరం నొక్కాలి. ఇంకోదాంట్లో చిన్న త్రికోణం ఉండేది. ముందుకు పో, పక్కకు తిరుగు అని రాస్తే గీతలు గీసుకుంటూ పోయి ఇల్లు బొమ్మ వేసేది. అబ్బ... ఎంత ముచ్చటేసేదో!

రోజూ తుడవగా తుడవగా షాహీన్‌కు బటన్ల మీది అక్షరాల వరుస మొత్తం నోటికొచ్చింది. వరండా బండ మీద సుద్దముక్కతో అచ్చం అలాగే గడులు గీసింది. ఒకరు అక్షరం అరిస్తే ఇంకొకరం ఆ గడి మీద వేలు పెట్టాలి. అదే మా కంప్యూటర్. అప్పుడు నవ్వుకుంటూనే ఆడాం... ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఒకరోజు నిజామాబాద్ నుంచి పెద్దాఫీసరు వస్తున్నాడన్నారు. "అడిగితే అందరికి నేర్పుతున్నరని చెప్పుండ్రి" అని సారు ముందే హెచ్చరించి, మమ్మల్ని కూడా ఆ గదిలో గోడ వెంట నిలబెట్టాడు.

ఆఫీసరు షాహీన్ వైపు తిరిగాడు. "దీని మీద ఏం నేర్చుకున్నావమ్మా?"

షాహీన్ ఒకసారి సారు ముఖం చూసింది. "ఊడ్సుడు, తుడుసుడు సార్. ఆన్ చేసుడు మాకు ఎవ్వరు చూపియ్యలే."

ఆఫీసరు పకపకా నవ్వాడు. "పిల్ల హుషారున్నది" అని, చాయ్ తాగి, జీపెక్కి పోయాడు. అంతే! సారు మీదికంటే ఆ నవ్వు మీదే నాకు ఎక్కువ కోపం.

మర్నాడు సారు షాహీన్‌ను ఎండలో నిలబెట్టి వాళ్ళ నాన్నను పిలిపించాడు. మెడలో టేపు తీయకుండానే వచ్చాడాయన.

"నీ బిడ్డ ఆఫీసరు ముంగట నా ఇజ్జత్ తీసింది" అన్నాడు సారు.

"అబద్ధం చెప్పిందా సార్?"

"అబద్ధమని కాదు గానీ..."

"మరి నిజం చెప్తే ఎండల నిలబెడ్తరా?"

ఆయన గొంతు పెంచలేదు. బిడ్డ చెయ్యి పట్టుకొని నీడలోకి తెచ్చాడు. "లోపలికి పో బేటా... క్లాసు పోతది" అన్నాడు.

మాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. తెల్లారి ఆడపిల్లలమంతా చీపుర్లు ఆ గది ముందు పడేసి కూర్చున్నాం. "మాకు నేర్పితేనే ఊడుస్తం సార్" అన్నాం.

సారు ఏం చేశాడో తెలుసా? మాకు నేర్పలేదు. మగపిల్లలకు చీపురూ ఇవ్వలేదు. కంప్యూటర్‌కు ముసుగు కప్పి, గదికి తాళం వేసి "అయితే ఎవ్వరికి లేదు, పోండ్రి" అన్నాడు. హెడ్మాస్టరు దగ్గరికి పోతే "మీరు మీరు చూసుకోండి" అన్నాడు.

మగపిల్లలు మమ్మల్నే తిట్టారు. తాళం వేసిన మనిషిని ఒక్కడూ ఒక్క మాట అనలేదు.

మేము పది పాసై బడి విడిచేదాకా ఆ తలుపు తెరవలేదు. తర్వాతెప్పుడో తెరిస్తే ఎలుకలు తీగలన్నీ కొరికేశాయట... పాత సామానులో పడేశారట. ఆడపిల్లలకు ఇవ్వడం కంటే ఎలుకలకు ఇవ్వడమే నయమనిపించింది ఆ మనిషికి!

షాహీన్‌ను వాళ్ళ నాన్న కామారెడ్డిలో కంప్యూటర్ సెంటర్‌లో చేర్పించాడు. ఆమె నేర్చుకుంది. మా ఇంట్లో నన్ను పంపలేదు. ఎన్నో ఏళ్ళకు ఉద్యోగంలో చేరి మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. స్విచ్ మీద వేలు పెట్టి ఆగిపోయాను... ఎవరైనా అరుస్తారేమోనని. పక్క సీటు అబ్బాయి "నొక్కండి మేడం, ఏం కాదు" అన్నాడు. ఈ ఒక్క మాట అప్పుడు చెప్పే మనిషి మాకు లేకపోయాడు కదా అని, బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

మొన్న ఫోన్లో ఇదంతా గుర్తుచేస్తే "ఇంకా కోపమేనా నీకు?" అని నవ్వింది షాహీన్. ఆమెకు పోయింది... నాకు పోలేదు.

ఇప్పుడు నా బిడ్డ ఎవరినీ అడగకుండా ల్యాప్‌టాప్ తెరుస్తుంది. చూస్తే కడుపు నిండుతుంది. కానీ మా బడి గ్రూపులో ఎవరైనా "ఆ రోజులే బంగారం" అని పెడితే మాత్రం చిర్రెత్తుకొస్తుంది... ఎవరికి బంగారం?

మీకూ ఇలాంటిది జరిగి ఉంటే కింద రాయండి... నవ్వుతూ రాయక్కర్లేదు.