సుషీ హోటల్‌కి ఫోన్ చేసిన ఆంటీ

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఇది ముందే చెప్పేయడం మంచిది. చివరికొచ్చేసరికి మీరు నన్ను అనుమానంగా చూస్తారని నాకు తెలుసు.

నేను సింగపూర్‌లో ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. పక్కవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడమే పద్దెనిమిదేళ్లుగా నా బతుకుతెరువు. ఎవరైనా "రాత్రి మా ఇంట్లో గజ్జెల చప్పుడు వినిపించింది" అంటే, "కిటికీ గొళ్లెం సరిగ్గా పెట్టారా?" అని అడిగే రకం. అందుకే మా స్నేహితులు దెయ్యాల కబుర్లు మొదలెడితే నన్ను పిలవరు. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఒక్క ముక్క కలపను.

మా ఆవిడ శశికళది సూళ్లూరుపేట. నెల్లూరు చేపల పులుసు తాగి పెరిగిన మనిషి. మేముండేది బుకిట్ పంజాంగ్‌లో పదకొండో అంతస్తు. ఆదివారం శశి పులుసు పొయ్యి మీద పెడితే, పక్క ఫ్లాట్ మలయ్ ఆవిడ గిన్నె పట్టుకుని మొహమాటం లేకుండా వచ్చేసేది.

రెండేళ్ల కిందట శశికి ఒక జ్వరం వచ్చింది. జ్వరం వారంలో తగ్గింది కానీ వాసన పోయింది. వాసనతోపాటు రుచి కూడా. డాక్టరు "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. రోజూ పొద్దున నాలుగు సీసాలు వాసన చూడమన్నాడు. నిమ్మ, లవంగం, గులాబీ, నీలగిరి తైలం. కళ్లు మూసుకుని ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకునేది. ఏదైనా తెలిసిందా అని అడిగితే తల అడ్డంగా ఊపేది. కొన్నాళ్లకు నేను అడగడం మానేశాను.

వంట మానలేదు. చెంచాతో కొలిచి ఉప్పు వేసేది. మా అమ్మాయికి బాక్సు కట్టేది. తనేమో పళ్లెం ముందు కూర్చుని రెండు నిమిషాల్లో లేచిపోయేది. "ఆకలి తీరతా ఉండాది కదా, చాల్లే" అనేది. తిండి గురించి గంటలు గంటలు మాట్లాడిన మనిషి తను.

ఆ ఏడాదే వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంది. వాసన తిరిగొచ్చేదాకా శనివారం నీచు ముట్టనని. ఈ మొక్కు సంగతి నాకూ మా అమ్మాయికీ తప్ప ఎవరికీ తెలియదు. ఎవరైనా శనివారం భోజనానికి పిలిస్తే, ఊరికే శాకాహారం అని చెప్పేది.

ఇప్పుడు నా ఘనకార్యం. మా పెళ్లయి పదహారేళ్లు నిండుతున్నాయి. తెలోక్ ఆయర్ దగ్గర పాత దుకాణాల వరుసలో, మేడ మీద ఒక చిన్న జపాన్ సుషీ హోటల్ ఉంది. మొత్తం ఎనిమిది కుర్చీలు. మెనూ ఉండదు. చెక్క బల్లకు అవతల నిలబడి వంటాయన ఒక్కో ముద్దే చేసి మన ముందు పెడతాడు. ఏం పెట్టాలో ఆయన ఇష్టం. దీన్ని ఒమకాసే అంటారు, "మీకే వదిలేశాం" అని అర్థమట. రుచి తెలియని మనిషిని అలాంటి చోటికి తీసుకెళ్లడమేమిటని అడగొచ్చు. వేడి, చలువ, మెత్తన, కరకర తెలుస్తాయి కదా అనుకున్నాను. పైగా ఎవరో ఒకరు తనకు వండి, దగ్గరుండి పెట్టాలని నా ఆశ.

అక్కడ చోటు దొరకడమే కష్టం. నెలకోసారి బుకింగ్ తెరుస్తారు, నిమిషాల్లో నిండిపోతుంది. నేను ఆఫీసులో రెండు స్క్రీన్లు పెట్టుకుని కూర్చుని, కనిపించిన మొదటి మధ్యాహ్నం నొక్కేశాను. నా పేరు మీద, ఇద్దరికి. సర్‌ప్రైజ్ కాబట్టి ఎవరికీ చెప్పలేదు. అమ్మాయికి కూడా.

అది శనివారం. జన్మలో ఇన్ని తప్పులు పట్టినవాణ్ణి, ఇది పట్టలేకపోయాను.

ఆ రోజు పదిన్నరకు "బయట భోంచేద్దాం, తయారవ్వు" అన్నాను. శశి పూజ ముగించి, మంచి చీర కట్టుకుని వచ్చింది. ట్రైన్ లిటిల్ ఇండియా దాటాక నా వైపు తిరిగి అడిగింది.

"ఏవండీ, ఇవాళ శనివారం. శాకాహారమే కదా?"

ఏసీ ట్రైన్‌లో నాకు చెమటలు పట్టాయి. ఏదో గొణిగాను. మిగిలిన స్టేషన్లలో ఏం చెప్పాలో మాటలు కూడగట్టుకున్నాను. వెనక్కి తిరిగిపోదామనుకున్నాను. మెట్లెక్కుతూ కూడా చెప్పలేకపోయాను. తలుపు దగ్గర చేపల బొమ్మ చూసి శశి ఆగింది. ఆ బొమ్మనీ నన్నూ మార్చి మార్చి చూసింది.

లోపలి నుంచి ఒక అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చింది. పేరు మీనా. తాతల కాలం నుంచి సింగపూర్‌లోనే ఉన్న తమిళ కుటుంబం పిల్ల. నేను నోరు తెరిచేలోపే, మాట చివర 'లా' తగిలించే ఇక్కడి ఇంగ్లిషులో శశితో అంది.

"మేడమ్, మీది మూడో సీటు. ఫిష్ లేదు, అంతా వెజిటబుల్. చెఫ్ వేరే కత్తి, వేరే బోర్డు పెట్టేశారు. నో వర్రీ లా."

శశి నన్ను చూసిన చూపు పదహారేళ్లలో రెండు మూడుసార్లు చూసి ఉంటాను. ఇంత ముందుచూపు ఉందా మీకు అన్నట్టుగా. నాకేమో ఏమీ అర్థం కాలేదు. బుకింగ్‌లో నేను ఆ మాట రాయలేదు. అయినా కాదని చెప్పలేదు. ఆ మెచ్చుకోలు అంతా సిగ్గులేకుండా జేబులో వేసుకుని కూర్చున్నాను.

వంటాయనకు డెబ్బై దాటి ఉంటాయి. మాట తక్కువ. వేళ్లు మాత్రం కుర్రాడివి. గోరువెచ్చటి అన్నం రెండు వేళ్లతో ఒత్తి, నాకు చేప ముక్క, శశికి కాల్చిన వంకాయ ముక్క. నాకు రొయ్య, తనకు పుట్టగొడుగు. సూప్ కూడా తనకు చేప తగలకుండా సముద్రపు నాచుతో విడిగా కాచాడు. చేత్తో తినొచ్చని సైగ చేశాడు. శశి సంబరపడిపోయింది. ఆయన అందరికీ వరసగా పెడుతూ వస్తుంటే, "పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ముద్దలు పెట్టినట్టుండాది" అంది. అటుపక్క కూర్చున్న చైనీస్ దంపతులు కూడా మా మొహాలు చూసి నవ్వుతున్నారు. రుచి లేకపోయినా తను ఆనందంగా ఉంది. నాకు అదే చాలనిపించింది.

చివరి ముద్ద వచ్చింది. అప్పటిదాకా అన్నీ నల్లటి రాతి పలక మీద పెట్టిన మనిషి, ఈ ఒక్కటి మాత్రం చేతిలో పట్టుకుని ఆగాడు. శశిని అరచెయ్యి చాపమన్నాడు. తిన్నగా తన చేతిలో పెట్టాడు. అన్నం మీద ఒక పచ్చటి ఆకు, దాని మీద ఉప్పులో ఊరబెట్టిన ఎర్రటి పుల్లటి పండు. ఇంకెవరికీ అలా చేతిలో పెట్టలేదు.

శశి నోట్లో వేసుకుంది. నమలడం ఆపేసింది. ఏదో గొంతుకు అడ్డం పడిందనుకుని నీళ్ల గ్లాసు అందుకున్నాను. తను నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పుల్లగా ఉండాది" అంది. మళ్లీ అంది. "ఏవండీ, పుల్లగా ఉండాది!"

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వేడి తువ్వాలు తీసి వాసన చూసింది. చెక్క బల్ల మీదికి వంగి వాసన చూసింది. టీ కప్పు, తన చీర చెంగు, చివరికి నా భుజం. "ఈ చొక్కా ఉతకలేదు కదా?" అని నిలదీసింది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, నవ్వుతోంది. విషయం తెలిశాక చైనీస్ దంపతులు చప్పట్లు కొట్టారు. వంటాయన తలవంచి నమస్కరించాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఎనిమిది కుర్చీల హోటల్‌లో దాక్కోడానికి చోటు కూడా ఉండదు.

వాసన ఒక్కసారిగా తిరిగి రావడం వింతేమీ కాదని డాక్టరు తర్వాత చెప్పాడు. కొందరికి అలాగే వస్తుందట. దాని గురించి నాకు పేచీ లేదు. నా పేచీ వేరే.

శశి చేతులు కడుక్కోడానికి వెళ్లినప్పుడు మీనాకు థాంక్స్ చెప్పి, శాకాహారమని మీకెలా తెలిసిందని అడిగాను.

"ఆంటీ ఫోన్ చేశారు కదా అంకుల్" అంది.

"ఏ ఆంటీ?" అన్నాను.

"మేడమ్ వాళ్ల అమ్మగారు. మార్నింగ్. మీ పేరు, బుకింగ్ టైము చెప్పి, నీట్‌గా తమిళంలో మాట్లాడారు."

మా అత్తగారు పోయి నాలుగేళ్లయింది.

మీనా ఫోన్ పక్కనుండే నోటుబుక్కు తెచ్చి చూపించింది. ఆ పేజీ ఫోటో నా దగ్గర ఉంది. టైము తొమ్మిది ఇరవై. అప్పటికి శశికి బయటికెళ్తున్నామనే తెలియదు. తప్పు చేశానని నాకూ తెలియదు. కింద ఇంగ్లిషులో చిన్న చిన్న ముక్కలు: శశికళ, శనివారం చేప వద్దు, కత్తి వేరే, చివరిది పుల్లగా ఉండాలి, చేతిలో పెట్టండి. నా బుకింగ్‌లో శశికళ అనే పేరే లేదు. ల్యాండ్‌లైన్‌కి వచ్చిన ఫోన్, నంబరు పడదు.

మా అత్తగారు సరిహద్దు ఊరి మనిషి, తెలుగెంతో తమిళమూ అంతే. ఇక్కడికి వచ్చినప్పుడు మా కింద మార్కెట్‌లో అందరితో తమిళంలోనే కబుర్లు. ఇంకో అలవాటు కూడా ఉండేది ఆవిడకు. కూతురు ఎక్కడికైనా భోజనానికి వెళ్తోందంటే, వాళ్లకు ముందే ఫోన్ చేసి పిల్ల ఏం తింటుందో, ఏం తినదో చెప్పేది. సెరంగూన్‌లో మా మేనేజరు ఇంటికి కూడా అలాగే చేసి నా పరువు తీసింది. కానీ మొక్కు సంగతి ఆవిడకు తెలిసే వీలే లేదు. అది ఆవిడ పోయిన రెండేళ్లకు మొక్కుకున్నది.

నేను ఊరుకోలేదు. అమ్మాయిని అడిగాను, దానికి తమిళం రాదు. శశి స్నేహితురాళ్లలో తమిళం వచ్చినవాళ్లిద్దరు. ఇద్దరికీ ఆ హోటల్ పేరు కూడా తెలియదు. బుధవారం ఆఫీసు నుంచి మళ్లీ వెళ్లి మీనాను కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పమన్నాను. పాపం ఓపిగ్గా చెప్పింది. కొత్తగా ఒక్కటే గుర్తొచ్చింది.

"ఫోన్ పెట్టేముందు ఆంటీ చెప్పారు అంకుల్, మాప్పిళ్ళై తెలియక చేశారు, ఆయన్ని ఏమీ అనొద్దని. మొహమాటస్తుడు, అడగరు, ఆయనకి ఇంకో రెండు ఎక్కువ పెట్టమన్నారు."

మాప్పిళ్ళై అంటే అల్లుడు.

ఆ రోజు అందరికీ ఒక్కొక్కటి వచ్చినప్పుడు నాకు రెండు అదనంగా వచ్చాయి. వంటాయన లెక్క తప్పాడేమోనని గబగబా తినేశాను. మా అత్తగారు బతికున్నన్నాళ్లూ ఆవిడతో నేను ముక్తసరిగానే మాట్లాడాను. మేనేజరు ఇంటి ఫోన్ గొడవ తర్వాత మరీ తక్కువ. ఆ హోటల్ మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున శశి వంజరం తెచ్చి, రెండేళ్ల తర్వాత తన ఇష్టంతో పులుసు పెట్టింది. పొయ్యి పక్కన నిలబడి మీనా చెప్పినదంతా చెప్పాను. నవ్వింది, కళ్లు తుడుచుకుంది. ఆశ్చర్యపోయినట్టు మాత్రం అనిపించలేదు. "అదెట్టా సాధ్యం శశీ?" అన్నాను. గరిటెతో కొంచెం పులుసు అరచేతిలో వేసుకుని చప్పరించింది. "పులుపు తగ్గింది" అంటూ చింతపండు రసం పోసింది. నేను కూడా కొంచెం నాకి చూశాను.

ఆ ఫోన్ చేసిందెవరో ఇవాళ్టికీ నేను చెప్పలేను. పులుపు మాత్రం నిజంగానే తగ్గింది.