సోమక్క, నా పచ్చి అబద్ధం

కొత్త ఫ్లెక్సీ విప్పగానే వచ్చే ఆ ఘాటు వాసన నాకిప్పటికీ గిట్టదు. మొన్న జనగామలోని మా ఆఫీసుకు ఒకటి వచ్చింది. పర్యావరణానికి మేలు చేసే ఉపాధి గురించి అవగాహన సదస్సట! ప్లాస్టిక్ గుడ్డ మీద చెట్ల బొమ్మలు. చూడగానే సోమక్క గుర్తొచ్చి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. ఆమె ఉంటే దాన్ని గోడకు తగలనిచ్చేది కాదు. పోయి రెండేళ్లయినా నన్ను విసిగించడం మాత్రం మానలేదు.

సోమక్క దగ్గరే నేను మొదట పనికి కుదిరాను. గాలినీ నీళ్లనూ పాడుచేయని పనులు ఎక్కడున్నాయో వెతికి, జనానికి నేర్పించి, వాటిలో కుదిర్చే చిన్న సంస్థ ఆమెది. వినడానికి బాగానే ఉంటుంది, ఆ తంటా చేసేవాళ్లకు తెలుస్తుంది. గంగారంలో విస్తరాకుల యంత్రం పెట్టారని వింటే సంతోషించి ఊరుకోవాలి కదా! ఆకు ఎక్కడిది, అడవిలో ఎంత దూస్తున్నారు అని ఒక పూటంతా అడిగింది. పక్కన నేను ఆకలితో నకనకలాడుతున్నాను. "నలుగురికి పని దొరుకుతుంటే గిన్ని ప్రశ్నలెందుకక్కా?" అంటే, "దొరికిన పని నాలుగేండ్లు ఉండాలె గద బిడ్డా" అంది. ఆమెతో వాదించి గెలిచినవాళ్లను నేను చూడలేదు.

ఒకసారి భూపాలపల్లి వైపు పొలాల్లోని సోలార్ మోటార్ల మరమ్మతు నేర్చుకునే మనుషులు కావలసి వచ్చారు. "పని నేర్పుతమని రాయించు. నౌకరి అనకు" అని సోమక్క మరీ మరీ చెప్పింది. పని అంటే ఎవరొస్తారు? నేను తెలివి ఉపయోగించి గోడల మీద 'హరిత ఉద్యోగాలు' అని పెద్ద పెద్ద అక్షరాలతో రాయించాను. వచ్చారు, రాకేం! కుల ధ్రువపత్రాలు, మూడేసి జిరాక్సులు పట్టుకుని మా ఆఫీసు గేటు బయటి దాకా బారులు తీరారు. హరితమంటే చెట్లు, చెట్లంటే ఫారెస్టు, ఉద్యోగమంటే సర్కారుది. అలా అర్థం చేసుకున్నారు. కాదని చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. "మరి గంత పెద్దగ ఎందుకు రాసిండ్రు?" అని ఒక పెద్దాయన నిలదీశాడు.

వారానికి ఇంకో కబురు తెలిసింది. టేకుమట్ల దగ్గరి మల్లేశ్ బొగ్గు గనిలో కాంట్రాక్టరు కింద టిప్పర్ నడిపేవాడు. ఆ రోజు పొద్దున్నే వచ్చి, అసలు సంగతి వినకముందే దరఖాస్తు ఇచ్చి వెళ్లిపోయాడు. మేం ముద్ర వేసి ఇచ్చిన రసీదునే నియామక పత్రం అనుకుని టిప్పర్ పని మానేశాడు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. అతనికి చెబుదామని నేను ఫోన్ అందుకుంటే సోమక్క లాక్కుంది.

"అబద్ధం గోడ మీద రాసినవ్. నిజం ఫోన్ల చెప్తవా? నడువ్."

ఎండలో మూడు బస్సులు మారాం. ఆమె దారి పొడుగునా నా భుజం మీద హాయిగా నిద్రపోయింది. మల్లేశ్ సంబరంగా కుర్చీలు వేశాడు. అతని భార్య రజిత చాయ్ ఇస్తూ, "యూనిఫారం గిట్ల మీరే ఇస్తరా అక్కా?" అని అడిగింది. నేను సోమక్క వైపు చూశాను. ఆమె తాపీగా ఇంటి పెంకులు చూస్తోంది.

"అది సర్కారు నౌకరి కాదు. అసలు నౌకరే కాదు. నేనే తప్పు రాయించిన" అన్నాను.

మల్లేశ్ చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. రజిత వదల్లేదు. "సదువుకున్నోళ్లే గద? గిట్లెట్ల రాస్తరు? బండి ఇంకొకనికిచ్చిండ్రు. రేపు పిల్లలకేం పెట్టాలె?"

నాకు ఏడుపొచ్చింది. సోమక్క నన్ను ఓదార్చలేదు. రజితతో మాత్రం, "నువ్వన్నది నిజం. కోపం సల్లారినంక ఒక ముచ్చట అడుగుత" అంది.

"సల్లారదు. ఇప్పుడే అడుగు."

"మోటార్ల పని నువ్వు నేర్సుకుంటవా?"

రజిత మొగుడి వైపు చూసింది. "ఈయనకు బండి తప్ప ఇంకోటి రాదు. నేనే నేర్సుకుంట. పని దొరక్కపోతే మాత్రం మీ ఆఫీసు ముంగట కూసుంట."

నేర్చుకుంది. అసలు తంటా అప్పుడు మొదలైంది. ఆడమనిషి చెయ్యి పెడితే మోటారు కాలిపోతుందన్నట్టు చూశారు రైతులు. సోమక్క ఆమెను వెంటబెట్టుకుని ఊరూరా తిరిగింది, నన్నూ తిప్పింది. "నేనెందుకక్కా?" అంటే, "రాయించింది నువ్వు గద" అనేది. ఆ ఒక్క మాటకు నా ఆదివారాలన్నీ పోయాయి. మల్లేశ్‌కు మళ్లీ బండి దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలు వాళ్లింట్లో పొయ్యి ఎలా వెలిగిందో నాకు తెలుసు. తెలిసేలా చేసింది సోమక్కే.

ఇప్పుడు ఆ చుట్టుపక్కల సోలార్ మోటారు ఆగితే రజితకే ఫోన్. సదస్సుల్లో ఆమె పేరు చెప్పి, దారి చూపింది నేనేనని నాకు శాలువా కప్పుతారు. కప్పిన ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోతాను.

పోయిన వారం మా వల్ల మళ్లీ ఒక పొరపాటు జరిగింది. నర్మెట్టలో ఒక అమ్మాయికి సేంద్రియ ఎరువుల తయారీ కేంద్రంలో పని ఖాయమని చెప్పాం. అది కాస్తా రద్దయింది. ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో తేలిపోయేది. నంబరు కూడా నొక్కాను. అది మోగకముందే పెట్టేసి, సోమక్కను మనసారా తిట్టుకుంటూ నర్మెట్ట బస్సెక్కాను.